కింద క్లినిక్, పైన ఇల్లు

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ముప్పై నలభై ఏళ్ల నాటి నర్సింగ్‌హోమ్ ఏదైనా చూడండి, కట్టడం దాదాపు ఒకేలా ఉంటుంది. కింద ఓపీ, దాని పక్కన మందుల షాపు, వెనక రెండు మూడు గదులు, మధ్యలో మేడమెట్లు, పైన డాక్టరుగారి కాపురం. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లయితే చాలాసార్లు ఆమె కాన్పులు చూస్తుంది, ఆయన జ్వరాలో పిల్లల జబ్బులో చూస్తాడు. మెట్ల మలుపులో ఒక గ్రిల్ గేటు, దానికో చిన్న తాళం. ఉద్యోగానికీ సొంత జీవితానికీ మధ్య ఉన్న సరిహద్దంతా ఆ తాళమే. అది కూడా రాత్రి పదకొండు దాటాక వేసి, బెల్లు మోగితే లేచి తీసే తాళం.

ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలకు స్పిరిట్ వాసన అంటే ఇంటి వాసన. మందుల కంపెనీ పేరున్న పెన్నుతో, ప్రిస్క్రిప్షన్ ప్యాడు వెనక వైపు లెక్కల రఫ్ వర్కు చేసుకుంటూ చదువుకున్నవాళ్లు. అందరూ తయారై సినిమాకని మెట్లు దిగుతుంటే, కింద బెంచీ మీద ఎవరో ఆయాసపడుతూ కూర్చుని ఉంటారు. ఇంకేముంది, ఫస్ట్ షో కాస్తా సెకండ్ షో అవుతుంది, సెకండ్ షో వచ్చే వారానికి పోతుంది. వచ్చే వారానికి థియేటర్లో ఆ సినిమా ఉండదు.

కాబట్టి డాక్టరుగారు ఆసుపత్రి బయట ఏం చేస్తారు అని అడిగే ముందు అసలు 'బయట' అనేది ఉందా అని అడగాలి. ఆసుపత్రి బ్రోచర్లో ఫొటో కింద 'అభిరుచులు: పుస్తకాలు, సంగీతం, ప్రయాణాలు' అని వేస్తారు. ఈ మూడూ బ్యాంకు మేనేజరుకు వేసినా సరిపోతాయి, వాటితో ఏమీ తెలియదు. డాక్టర్లు నిజంగా దేని వెనకాల పడుతున్నారో కొంచెం దగ్గరగా చూస్తే మాత్రం ఒక విషయం కనిపిస్తుంది. వాళ్లు వెతుక్కునేది ఎక్కువగా తమను ఎవరూ డాక్టరుగా చూడని చోటు. ఆ చోట పని తక్కువా ఎక్కువా అన్నది పెద్ద లెక్క కాదు, కొన్నిసార్లు అక్కడ ఆసుపత్రి కంటే ఎక్కువే ఒళ్లు వంచుతారు.

ఆ చోటు దొరకడం ఎందుకంత కష్టమంటే, దానికి కారణం మన భాషలోనే ఉన్న ఒక మాట. హస్తవాసి. డాక్టరు పేరు పక్కన ఉన్న అక్షరాల్లో ఎం.డి. ఏమిటో, డి.ఎం. ఏమిటో పేషెంటుకు తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. కళ్లకు కనిపించేది మనిషి ఒక్కడే. "కొండకు నడిచి పోతాడంట", "మందు ముట్టడంట", "వాళ్లమ్మను దగ్గరే పెట్టుకుని చూసుకుంటాడంట", ఇవన్నీ కూడి ఆయన చెయ్యి మంచిదనే తీర్పు అవుతుంది. దీన్ని అమాయకత్వం అని నవ్వేయడానికి లేదు. ఆపరేషన్ సరిగ్గా చేశాడో లేదో కొలిచే సాధనం మన చేతిలో లేనప్పుడు, కొలవగలిగినదాన్నే కొలుస్తాం కదా. కాకపోతే దీనివల్ల డాక్టరు సొంత జీవితం ఆయన ప్రాక్టీసులో ఒక భాగమైపోతుంది. ఏ గుడికి పోయాడు, ఏ హోటల్లో కనిపించాడు, పిల్లను ఎవరికిచ్చాడు, అన్నీ ఓపీలో లెక్కకు వస్తాయి.

పెళ్లి భోజనాల దగ్గర ఇది బాగా తెలుస్తుంది. డాక్టరుగారి ఆకులో రెండో ఓళిగ పడిందంటే ఎదురు బంతిలో కూర్చున్న షుగర్ పేషెంటు చూడనే చూస్తాడు. "మమ్మల్ని వద్దని చెప్పి సార్ మాత్రం నెయ్యేసుకుని రెండు తిన్యాడు" అన్న మాట సోమవారానికి ఓపీ దాకా వస్తుంది. ఇంతకంటే అసలు సన్నివేశం చెయ్యి కడుక్కునే కుళాయి దగ్గర జరుగుతుంది. వెనకనుంచి ఒకాయన మెల్లగా వచ్చి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీస్తాడు. "సార్, రవంత చూస్తారా, మాయమ్మది." డాక్టరు కుడిచేతి నుంచి నీళ్లు కారుతుంటాయి, ఎడం చేత్తో కాగితాన్ని ట్యూబ్‌లైటు వైపు తిప్పి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె చూసి, అది బాగాలేదని మొహంలో తెలియనివ్వకుండా, "రేపొద్దున అమ్మను పిలుచుకుని రా, ఏమీ తినకుండా రమ్మను" అంటాడు. కాగితం మూలన తడి వేలిముద్ర ఒకటి మిగులుతుంది. అనుకోకుండా ఎదురుపడినట్టు అడిగాడు గానీ, పెళ్లికి వస్తూ రిపోర్టు జేబులో పెట్టుకుని వచ్చిన మనిషికి డాక్టరు అక్కడ ఉంటాడని ముందే తెలుసు.

తిరుపతి డాక్టరుకు ఇంకో బెడద కూడా ఉంది, అది వేరే ఊరి డాక్టర్లకు చెప్పినా నమ్మరు. దర్శనం ఫోన్లు. మెడికల్ కాలేజీలో రెండేళ్లు పక్క రూములో ఉన్నవాడి బావమరిది, హైదరాబాద్‌లో కాన్ఫరెన్సులో ఒకసారి కలిసిన సర్జను, అమెరికా నుంచి వచ్చిన పెదనాన్న కొడుకు, అందరికీ బ్రేక్ దర్శనం కావాలి, కొండమీద రూము కావాలి, అదీ శనివారమే కావాలి. తిరుపతిలో ఎవరింట్లోనైనా ఈ టెన్షన్ ఉంటుంది గానీ, డాక్టరుకు ఆఫీసుల్లో ఎవరో ఒక పేషెంటు తెలిసి ఉంటాడన్న నమ్మకంతో ఫోన్లు రెండింతలు వస్తాయి. వాళ్లు దర్శనం చేసుకుని దిగి వచ్చాక ఇంట్లో భోజనం. ఆదివారం అయిపోయింది.

ఇదంతా సెటిలైన డాక్టర్ల కథ. అసలు సొంత జీవితమనే మాటే వర్తించని వాళ్లు వేరే ఉన్నారు. తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ 1960లో మొదలైంది, దానికి అనుబంధంగా రుయా ప్రభుత్వాసుపత్రి ఉంది, 1993 నుంచి స్విమ్స్ అనే పెద్దాసుపత్రి ఉంది, ఇంకా కాలేజీలు పెరిగాయి. కాబట్టి ఊళ్లో ఏ అర్ధరాత్రి చూసినా మెడలో స్టెతస్కోపు తీయడం మరిచిపోయి బస్టాండు దగ్గర ఇడ్లీ తింటున్న హౌస్‌సర్జన్లో పీజీలో ఎవరో ఒకరు కనిపిస్తారు. వాళ్ల అభిరుచి ఏమిటంటే నిద్ర. కాగితం మీద సంగతి చూస్తే మాత్రం 1992లోనే కేంద్రం రెసిడెంట్ డాక్టర్లకు, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చదివేవాళ్లకు, మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని చెప్పింది. 2023లో వచ్చిన పీజీ నిబంధనల్లో ఆ అంకె కాస్తా 'సమంజసమైన పనిగంటలు' అయింది. 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన మానసిక ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటకుండా చూడమని సిఫారసు చేసింది. ముప్పై రెండేళ్లలో 48 నుంచి 74కి వచ్చి, దాన్ని కూడా మేలు చేసినట్టు చెప్పుకోవాల్సిన పరిస్థితి. 36 గంటలు ఏకధాటిగా డ్యూటీ చేసిన పిల్లను 'నీ హాబీలేంటమ్మా' అని అడిగితే కోపం రాదా?

బర్నవుట్ అనే మాట ఇప్పుడు అందరి నోటా నలుగుతోంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగా కాకుండా ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా తన వర్గీకరణలో నిర్వచించింది. మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో సత్తువ పూర్తిగా ఇంకిపోవడం, చేసే పని మీద మనసు దూరమై ఎగతాళి మొదలవడం, తన వల్ల ఏమీ కావడం లేదనిపించడం. ఇందులో రెండోదాన్ని పేషెంట్లు అందరికంటే ముందు పసిగడతారు, కాకపోతే వేరే మాటల్లో చెబుతారు. "సార్ ముందులాగా లేరు, మొహం చూసి మాట్లాడట్లేదు" అని. విచిత్రమేమిటంటే, విశ్రాంతినే మందుగా ఇచ్చిన ఆసుపత్రి ఈ సీమలోనే ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానటోరియం 1915లో మొదలైంది, దాన్ని నడిపించినవాడు డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్. అప్పటికి క్షయకు యాంటీబయాటిక్ లేదు, మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి, అదే వైద్యం. ఆ మందు చీటీ పేషెంట్లకే రాశారు, డాక్టర్లకు ఎవరూ రాయలేదు.

హాబీ ఏదన్నది మనసును బట్టి ఉంటుందనుకుంటాం గానీ, డాక్టర్ల విషయంలో చాలావరకు స్పెషాలిటీని బట్టి ఉంటుంది. చర్మం డాక్టరుకు, కంటి డాక్టరుకు, స్కాన్లు చదివే రేడియాలజిస్టుకు రాత్రి ఫోన్లు తక్కువ. వాళ్లలో సైకిళ్లు కొన్నవాళ్లు, తెల్లవారకముందే జూ పార్కు రోడ్డు మీదుగా శ్రీనివాసమంగాపురం దాకా తొక్కి చంద్రగిరి కోట దగ్గర ఫొటో దిగేవాళ్లు, కెమెరాకు ఇంత పొడుగు లెన్సు పెట్టుకుని పిట్టల వెంట తిరిగేవాళ్లు ఎక్కువ కనబడతారు. పిట్టలకైతే ఇంతకంటే మంచి చోటు లేదు. చలికాలంలో నేలపట్టు పక్షుల కేంద్రానికి పోతే చెట్ల నిండా గూడబాతుల గూళ్లు, 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం అడవుల్లో గొంతు పసుపుగా ఉండే అరుదైన పిగిలిపిట్ట. పిట్ట మీద దృష్టి పెట్టినవాడు రెండు గంటలు నోరు మెదపకూడదు. రోజంతా మాట్లాడి మాట్లాడి గొంతు పోయే మనిషికి అదొక వరం అనుకోవచ్చు, పైగా పిట్ట ఏ రిపోర్టూ తీయదు.

కాన్పుల డాక్టరు సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఆమె ఎంచుకునేది ఎప్పుడంటే అప్పుడు మధ్యలో వదిలేయగలిగినదే అయి ఉండాలి. మేడ మీద కుండీల్లో మొక్కలు, కుట్టు, సగం చదివి మూసినా ఏమీ అనుకోని పుస్తకం. మహతి ఆడిటోరియంలో అన్నమయ్య కీర్తనల కచేరీకి పోయినా చివరి వరసలో, తలుపు పక్క సీట్లో కూర్చుంటుంది. ఫోన్ వైబ్రేషన్లో పెట్టి ఒళ్లో చేతికింద ఉంచుకుంటుంది. పల్లవి అయి చరణంలోకి వచ్చేసరికి ఫోన్ వణుకుతుంది, అటునుంచి నర్సు గొంతు: "మేడం, ఎనిమిది సెంటీమీటర్లు." గర్భాశయ ద్వారం అంత తెరుచుకుందంటే కాన్పు దగ్గరపడినట్టే. అంతే, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని బయటకు. ఆ కీర్తన చివరికి ఎట్లా ముగుస్తుందో ఆమెకు క్యాసెట్లో విన్నప్పుడే తెలుస్తుంది. దీనికి తోడు మగ డాక్టరు ఆదివారం పొద్దున నడకకు పోతే ఆరోగ్యం మీద శ్రద్ధ అంటారు, ఆడ డాక్టరు పోతే ఇంట్లో పులగం, ఊరిబిండి ఎవరు చేస్తారని అడుగుతారు. ఇద్దరూ ఒకే కాలేజీలో, ఒకే బ్యాచ్‌లో చదివి ఉంటారు.

ఇక కొండ. తిరుపతి డాక్టర్లకు ఇది ఒక్కటే ఖర్చులేని క్లబ్బు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారిమెట్టు దారి పొట్టిది, 2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, 2,388 మెట్లు. నెలకోసారి ఎక్కేవాళ్లున్నారు, వారం వారం ఎక్కేవాళ్లూ ఉన్నారు. భక్తి ఉంది, కాదనడానికి లేదు, వ్యాయామమూ ఉంది. ఇంకో సుఖం కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ మెట్ల మీద అందరూ చెప్పుల్లేకుండానే నడుస్తారు, అందరికీ ఒకేలా చెమట పడుతుంది, అందరి పిలుపూ ఒకటే, "స్వామీ, కాస్త జరగండి". సార్ అన్న మాట అలిపిరి దగ్గరే రాలిపోతుంది. కానీ పూర్తిగా తప్పించుకోవడం ఇక్కడా కుదరదు. మోకాలి చిప్ప అరిగిందని, మెట్లు ఎక్కనే ఎక్కొద్దని గురువారం ఓపీలో గట్టిగా చెప్పిన ఎముకల డాక్టరు, శనివారం తెల్లారేసరికి మోకాళ్ల పర్వతం దగ్గర సరిగ్గా ఆ పేషెంటుకే ఎదురవుతాడు. పేషెంటు మోకాళ్ల మీద ఎక్కుతుంటాడు. ఇద్దరూ గోవిందా అనుకుని చెరోవైపు చూస్తారు.

వైద్యుడి మనసు వృత్తి బయట ఎంత దూరం పోగలదో చూడాలంటే నవలలు రాసిన డాక్టర్ కేశవరెడ్డి ఉన్నారు. 1946లో చిత్తూరు జిల్లా తలపులపల్లెలో పుట్టారు, పుదుచ్చేరిలో వైద్యం చదివారు, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేశారు, 2015లో చనిపోయారు. పనిచేసింది అక్కడ, రాసింది మాత్రం ఇక్కడి పల్లెల గురించి: ఇక్కడి కరువు, పందులు మేపుకునే ముసలివాడు, అడవి, ఊళ్లో పెద్దల దాష్టీకం. వందల కిలోమీటర్ల అవతల, వేరే యాస మాట్లాడే పేషెంట్లను పగలంతా చూసి, చిత్తూరు మాటతీరును కాగితం మీద అంత చిక్కగా నిలబెట్టడం మామూలు విషయం కాదు. దీన్ని హాబీ అంటే చిన్నబుచ్చినట్టవుతుంది. తెల్లకోటు వేసుకున్నాక కూడా ఆయన లోపల తలపులపల్లె మనిషే మిగిలాడు, రాత మొత్తం ఆ మనిషిదే.

ఇప్పటి కుర్ర డాక్టర్లు మేడ కింద క్లినిక్ పెట్టడం లేదు. కార్పొరేట్ ఆసుపత్రిలో జీతం, ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు అపార్ట్‌మెంటులో ఫ్లాటు. గ్రిల్ గేటు పోయింది, దాని బదులు వాట్సాప్ వచ్చింది. పాతకాలంలో బెల్లు కొట్టడానికి పేషెంటు రాత్రిపూట ఆటో మాట్లాడుకుని రావాలి, ఆ శ్రమ వల్లనైనా కొందరు పొద్దున్నే పోదాంలే అనుకునేవాళ్లు. ఇప్పుడు దురద మచ్చ ఫొటో రాత్రి ఒంటిగంటకు పంపడానికి ఏ శ్రమా లేదు, నీలం టిక్కులు పడితే ఇక జవాబు ఇవ్వాల్సిందే. రీల్స్ చేసే డాక్టర్లూ ఎక్కువయ్యారు. షుగర్ గురించి, నడుంనొప్పి గురించి చెప్పేది హాబీ అంటారు గానీ అది చొక్కా మార్చుకుని చేసే ఓపీయే. డాక్టర్లు సోషల్ మీడియాలో ఎట్లా మెలగాలో చెబుతూ 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది, వేరే అంశాల మీద గొడవ రేగడంతో అదే నెలలో మొత్తాన్ని పక్కన పెట్టేసింది. ప్లాట్లు కొనడం, అమ్మడం కూడా కొందరికి పెద్ద ఆసక్తే, దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు, అది వ్యాపారం.

తోట మాత్రం వేరే సంగతి. చిత్తూరు వైపు డాక్టర్లలో చాలామంది రైతుల పిల్లలు. పాకాల, దామలచెరువు, బంగారుపాళ్యం, తవణంపల్లె వైపు తండ్రి నాటిన మామిడి నాలుగైదు ఎకరాలు మిగిలి ఉంటుంది, ఎక్కువగా బెంగళూర కాయే, పుస్తకాల్లో తోతాపురి అని రాస్తారు. లాభం సంగతి అడక్కూడదు. 2025లో ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, పైన 4 రూపాయలు తాము ఇస్తామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. మందులకు, దున్నకాలకు, కాపలాకు పెట్టిందంతా సరిగ్గా కూడితే డాక్టరు తోట అమ్మేసుకోవాలి, అందుకే ఆయన కూడడు.

ఆదివారం పొద్దున కారు గట్టున ఆపి దిగుతాడు. తోట చూసే పెద్దాయన డెబ్బైకి దగ్గర పడిన మనిషి, డాక్టరు నిక్కర్లు వేసుకున్నప్పటినుంచీ తెలుసు, సార్ అనడు. నవంబరు నెల, చెట్లు దుమ్ముకొట్టుకుని వాడినట్టు కనిపిస్తుంటే డాక్టరు మోటరు వేసి రెండు తడులు ఇద్దామంటాడు. "నీకు తెలీదులే నాయనా, ఇప్పుడు నీళ్లు కడితే చెట్టు ఆకేస్తుంది, పూత రాదు. ఎండనీ." డాక్టరు ఊరుకుంటాడు. కాసేపాగి, తేనెమంచు పురుగుకు మందు కొట్టేద్దామా అంటాడు. "పూత మొగ్గ కనపడనీ. బాగా విచ్చుకున్నాక కూడా కొట్టకూడదు, తేనెటీగలు పోతాయి." మళ్లీ ఊరుకుంటాడు. వారమంతా ఆయన మాటకు ఎదురు లేదు, ఆయన రాసిన చీటీ మీద తేదీ తప్పు పడినా నర్సు అడగడానికి భయపడుతుంది. ఇక్కడ ఆయన వేసిన రెండు మందుచీట్లూ చెల్లలేదు, దానికి ఆయన మొహం ఆసుపత్రిలో ఎప్పుడూ లేనంత తేటగా ఉంది. రోగి మాట్లాడదు, తొందర పెట్టదు, పొరపాటు జరిగితే వచ్చే ఏడాది మళ్లీ పూస్తుంది. చెట్టు బెరడు గోకి చూస్తాడు, ఆకు తిప్పి చూస్తాడు, ఈ గోకడం, తిప్పి చూడటం అలవాటు మాత్రం పోలేదు.

ఎండ ఎక్కుతుంది. పెద్దాయన ఇంటినుంచి తెచ్చిన సంగటి, పచ్చిమిరపకాయ ఊరిబిండి, చెట్టు కింద తిని చెయ్యి కడుక్కుంటారు. తోట మాటలన్నీ అయిపోయేదాకా, డాక్టరు కారు తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టేదాకా ఆయన ఆగుతాడు. అప్పుడు భుజం మీది తుండుగుడ్డ దులిపి, పంచె మడతలోంచి ప్లాస్టిక్ కవరు తీస్తాడు. కవరు లోపల స్కాన్, ముసలామెది. డాక్టరు పెట్టిన కాలు వెనక్కి తీసి, ఫిల్మును ఎండకు ఎత్తి పట్టుకుంటాడు.